ఎడమవైపు కూర్చున్నవాళ్లను వినండి

అందరికీ నమస్కారం.

నేను పియానో విద్వాంసుణ్ణి కాను. నలభై దాటాక నేర్చుకోవడం మొదలుపెట్టి ఇప్పటికీ తప్పులు వాయిస్తున్నవాణ్ణి. అందుకని ఒక శ్రోతగానే మాట్లాడతాను. ఒకే పియానో మీద ఇద్దరు వాయించే సంగీతం వినేటప్పుడు ఎడమవైపు మనిషి మీద ఓ చెవి వేసి ఉంచండి. నేను చెప్పొచ్చింది ఇదే.

పియానో మెట్లు మొత్తం 88. కొలిస్తే నాలుగడుగులు. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ కాలంలో అంతకన్నా తక్కువే ఉండేవి. ఆ కాస్త చోటులోనే ఇద్దరు, నాలుగు చేతులు. కుడివైపు కూర్చుని పైస్థాయి వాయించేవాళ్లను ప్రీమో అంటారు, ఎడమవైపు కింది స్థాయి చూసుకునేవాళ్లను సెకండో అంటారు. పాట సాధారణంగా ప్రీమోకే దక్కుతుంది. పెడల్ మాత్రం ఎక్కువగా సెకండో కాలి కిందే ఉంటుంది. అంటే పక్కవాళ్ల స్వరం ఎంతసేపు మోగాలో కూడా సెకండో చేతిలో, కాదు, కాలిలో ఉన్నట్టు.

మా మేనకోడలితో మొదటిసారి వాయించినప్పుడు నాకు సెకండో ఇచ్చారు. లోపల కాస్త చిన్నతనంగా అనిపించింది, ఒప్పుకుంటున్నాను. నాలుగు వరుసలు దాటలేదు, అంతా కలగాపులగం. "మావయ్యా, పెడల్ వదులు!" అని మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. అది వాయించే పాటంతా నా పాదం కింద నలిగిపోతోంది మరి. ఆ రోజు నుంచి నేను వినే పద్ధతే మారిపోయింది.

19వ శతాబ్దపు యూరప్‌లో ఈ నాలుగు చేతుల సంగీతం ప్రధానంగా ఇళ్లలో వాయించుకునేది. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ మొదటి సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన, 1876లో తొలిసారి వినిపించారు. శబ్దాన్ని రికార్డు చేసే ఎడిసన్ ఫోనోగ్రాఫ్ ఆ మరుసటి ఏడే వచ్చింది కానీ, సింఫనీ మొత్తం పట్టే రికార్డులు రావడానికి దశాబ్దాలు పట్టింది. ఆర్కెస్ట్రా లేని ఊళ్లో ఉన్నవాళ్లు ఆ సంగీతం ఎలా వినాలి? ఇద్దరు కూర్చుని వాయించుకోవాలి. బ్రామ్స్ తన సింఫనీలను నాలుగు చేతులకు తానే రాసి ఇచ్చాడు. అతని హంగేరియన్ డాన్సులు కూడా 1869లో మొదట ఇలాగే అచ్చయ్యాయి. ఐదోది మీరు ఏదో ఒక కార్టూన్‌లో వినే ఉంటారు. అవి బాగా అమ్ముడుపోవడంతో అదే ప్రచురణకర్త చెక్ స్వరకర్త ద్వొర్జాక్ చేత స్లావోనిక్ డాన్సులు రాయించాడు. హుషారుగా ఉంటాయి, వినండి. నా మనసు మాత్రం షూబర్ట్ దగ్గరే ఆగిపోతుంది.

1818లో, మళ్లీ 1824లో, షూబర్ట్ వేసవికి జెలిజ్ అనే ఊరు వెళ్లి ఎస్టర్‌హాజీ కుటుంబంలోని ఆడపిల్లలకు సంగీతం చెప్పాడు. ఆ ఊరు ఇప్పుడు స్లొవేకియాలో ఉంది. చిన్నమ్మాయి కరొలీన అంటే అతనికి ఇష్టమని మిత్రులు చెప్పుకునేవారు. 1828 మొదటి నెలల్లో ఎఫ్ మైనర్ ఫాంటసీ అనే నాలుగు చేతుల రచన రాసి ఆమెకే అంకితమిచ్చాడు. ఆ నవంబరులోనే, 31 ఏళ్లకే, పోయాడు. ఫాంటసీ మరుసటి ఏడు అచ్చయింది. అంకితం ఒక జమీందారీ ఇంటి అమ్మాయికి, రచన ఒకే బల్ల మీద భుజాలు తగిలేలా కూర్చుని వాయించాల్సినది. ఇంతకు మించి ఊహించడం నా పని కాదు.

ఇక ఆ ఫాంటసీ సంగీతంలోకి వద్దాం. మొదట సెకండో ఒక్కరే మెల్లగా, గొణుగుతున్నట్టు మొదలుపెడతారు. దాని మీదికి ప్రీమో పాట వస్తుంది. ఎఫ్‌ను షడ్జం అనుకుంటే, కింది పంచమం నుంచి షడ్జానికి ఒక చిన్న గెంతు. అంతే. ఆ గెంతు మళ్లీ మళ్లీ వస్తుంది. కాసేపటికి అదే పాట మేజర్‌లోకి మారుతుంది. కర్ణాటక సంగీతం విన్న చెవులకు ఇది వెంటనే పట్టుబడుతుంది: సాధారణ గాంధారం పోయి అంతర గాంధారం వస్తుంది. అయినా దిగులు పోదు, కాస్త నవ్వు పూసుకుంటుంది. మీరు గమనించాల్సింది, అప్పుడు ఎడమవైపు గొణుగుడు కూడా రంగు మార్చుకుంటుంది.

మధ్యలో నెమ్మదైన భాగం, గెంతుతూ సాగే స్కెర్జో ఉన్నాయి. అన్నీ ఆగకుండా ఒకదానిలోంచి ఒకటి వస్తాయి. చివర్లో ఫ్యూగ్, అంటే ఒకే పల్లవిని ఒకరి వెనక ఒకరు అందుకుంటూ వాయించడం. నాలుగు చేతులూ తరుముకుంటాయి, శబ్దం పెరుగుతూ పోతుంది, పెరిగి పెరిగి హఠాత్తుగా తెగిపోతుంది. నిశ్శబ్దం. మొదటిసారి విన్నప్పుడు నేను సీడీ ఆగిపోయిందేమో అనుకున్నాను. మళ్లీ ఆ గొణుగుడు, మళ్లీ ఆ గెంతు.

రాడు లూపు, మరే పెరాయా అనే ఇద్దరు పియానో విద్వాంసులు కలిసి వాయించిన రికార్డు తెచ్చాను. ఇరవై నిమిషాలలోపే. ఎవరు ఎటు కూర్చున్నారో సీడీలో కనబడదు కాబట్టి కింది స్వరాల వైపు చెవి పెట్టండి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టేస్తే మొదలుపెడతాను.