గీజర్లో గార, బోరు నీళ్ళ సంగతి

శ్రోతలందరికీ నమస్కారమండి. నీళ్ళు కాచే గిన్నె అడుగున, బాత్రూం పంపుల చుట్టూ, హీటరు రాడ్డు మీద తెల్లగా గరుగ్గా పట్టేసే గార గురించి ఇవాళ మాట్లాడుకుందాం, ఎంత తోమినా పోదు, పోయిందనుకునేలోపే మళ్ళీ పట్టేస్తుంది.

మన డెల్టాలో రెండు రకాల నీళ్ళు పక్కపక్కనే ఉంటాయండి. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి కాలువల్లో గోదారి నీళ్ళు పారుతున్నాయి, బోరుతో పోలిస్తే అవి మెత్తటి నీళ్ళు, సబ్బు రాస్తే ఇట్టే నురగొస్తుంది, కందిపప్పు చక్కగా మెదుగుతుంది. అదే వీధిలో బోరు నీళ్ళు పోస్తే కుక్కరు ఎన్ని విజిల్స్ వేసినా పప్పు పలుకు పలుకుగానే ఉంటుంది, నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు పొరల్లో పట్టేసి దాన్ని మెత్తబడనివ్వవు. పప్పు మంచిది కాదని కొట్టువాడితో గొడవపడే ముందు ఒకసారి నీళ్ళు మార్చి చూడండి.

గార ఎలా పుడుతుందో తెలిస్తే సగం పనైపోయినట్టే. వాన నీళ్ళు మట్టిలోకి దిగేటప్పుడు అక్కడున్న కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొంచెం పులుపెక్కుతాయి, ఆ పులుపుతో నేలలోని సున్నాన్ని కరిగించుకుంటాయి. మనం కాచగానే ఆ గ్యాసు ఎగిరిపోతుంది, సున్నం ఇంక కరిగి ఉండలేక రాడ్డుకో గిన్నెకో అంటుకుపోతుంది. ఆల్చిప్పలో, గుడ్డు పెంకులో ఉండే కాల్షియం కార్బొనేటే ఇది, విషం కాదు. తాగే నీళ్ళలో ఈ సున్నం లెక్క, అంటే నీళ్ళ గట్టిదనం, లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని, వేరే నీళ్ళు లేకపోతే 600 దాకా పర్లేదని మన దేశ ప్రమాణాల్లో ఉంది.

అంటే గారని ఎక్కువగా బయటికి తెచ్చేది వేడేనండి. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే, బోరు నీళ్ళు బట్టలకి, ఇల్లు కడగడానికి, మొక్కలకి వాడుకోండి, పొయ్యి మీదకి, గీజర్లోకి వీలైనంత వరకు కాలువ నీళ్ళో పంచాయతీ కుళాయి నీళ్ళో పోనివ్వండి. గీజరుకి బోరు తప్ప దిక్కులేదంటారా, యాభై డిగ్రీల దగ్గర పెట్టుకోండి, అరవై దాటితే గార తొందరగా పేరుకుంటుంది.

మీ నీళ్ళు గట్టివో కాదో చూడాలంటే ఒక సీసాలో సగం బోరు నీళ్ళు, ఇంకో సీసాలో సగం వాన నీళ్ళు పోసి, రెండింట్లోనూ కాస్త సబ్బు గీరి వేసి ఊపండి, నురగ రాకుండా తెల్లటి తెట్టు తేలితే గట్టి నీళ్ళే. సర్ఫ్ పొడితో చూడకండి, అది గట్టి నీళ్ళలోనూ నురగ ఇస్తుంది. పటిక తిప్పితే కాలువ నీళ్ళలో బురద దిగుతుంది గానీ గట్టిదనం పోదు. సముద్రం వైపు ఊళ్ళలో బోరు ఉప్పగా ఉంటుంది కదా, ఆ ఉప్పదనం సాఫ్ట్‌నర్ మిషనుతో పోదండి, అది కాల్షియం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది అంతే, ఉప్పు పోవాలంటే ఆర్వో కావాలి. ఇది తెలియక వేలకి వేలు పోసి సాఫ్ట్‌నర్ పెట్టించుకుని నీళ్ళు ఇంకా ఉప్పగానే ఉన్నాయని బాధపడేవాళ్ళున్నారు, నాకు మహా కష్టమనిపిస్తుంది.

ఇక పట్టిన గార వదలాలంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, చాలు. లీటరు గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాలు కలిపి, ప్లగ్గు తీసేసి చల్లారిన రాడ్డుని అందులో ముంచండి, సన్నగా బుసబుసమని బుడగలొస్తాయి, అరగంటకి పొర మెత్తబడుతుంది, పాత బ్రష్షుతో రుద్దితే ఊడొచ్చేస్తుంది. మందంగా ఉంటే నీళ్ళు మార్చి ఇంకోసారి. షవరుకైతే ఇదే నీళ్ళు ప్లాస్టిక్ కవరులో పోసి రబ్బరు బ్యాండుతో కట్టేయండి. అయితే ఈ నీళ్ళు కడప బండల మీద, మొజాయిక్ మీద ఒలకనివ్వకండి, అవీ సున్నపు జాతి రాళ్ళే, మెరుపు పోయి మచ్చ పడుతుంది.

బాత్రూం యాసిడ్ మాత్రం దయచేసి వద్దండి, స్టీలుని తినేస్తుంది, పంపుల మెరుపు పోతుంది. అందులో బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది, తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదకి తెస్తుంది. నిమ్మ ఉప్పుతో కూడా బ్లీచింగ్ కలపకూడదు.

ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు చాలా ఇళ్ళు బోరు మీదే నడుస్తాయి కాబట్టి ఉన్న చెరువు నీళ్ళు తాగడానికి, పప్పుకి దాచుకోండి, స్నానానికి ఎలాగూ వేడినీళ్ళు అక్కర్లేదు కాబట్టి గీజరు కట్టేసి ఉంచండి, చలికాలం వచ్చేలోపు ఒకసారి మెకానిక్‌ని పిలిచి అడుగున పేరుకున్న సున్నం తీయించి, లోపల ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం రాడ్డు అరిగిపోయిందేమో కూడా చూడమని చెప్పండి.