నొప్పి తగ్గాక ఏం చేస్తున్నాం?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డు వదిలేసి ఈ హాల్లో కూర్చున్నారంటే మీలో చాలామందికి నడుము బాధ ఉన్నట్టే. చేతులెత్తమని అడగను. కుర్చీల్లో అటూ ఇటూ సర్దుకుంటున్న తీరు చూస్తేనే తెలిసిపోతోంది.

నేను డాక్టర్‌ని కాదు. పన్నెండేళ్లుగా బరువులెత్తుతున్నవాణ్ణి. అందులో ఐదేళ్లు ఒకటే కథ: నడుము పట్టేయడం, వారం పడుకోవడం, బామ్ రుద్దించుకోవడం, తగ్గగానే వెళ్లి పాత బరువే ఎత్తడం, మళ్లీ పట్టేయడం. దానికి తోడు కుడి తుంటి లోపల ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. స్కాన్ తీయిస్తే నాలుగో, ఐదో నడుము పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బిందన్నారు. ఆ కాగితం చూసి రెండు నెలలు కింద పడిన తాళంచెవి తీయడానికి కూడా భయపడ్డాను. తర్వాత తెలిసిందేమిటంటే, 2015లో వచ్చిన ఒక సమీక్షలో ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లు చూస్తే 20 ఏళ్లవాళ్లలో సుమారు 30 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు ఉంది. ఆ కాగితానికి అంత హడలిపోవాల్సిన పని లేదన్నమాట.

అప్పుడు గోడ మీది క్యాలెండర్లో నొప్పి వచ్చిన రోజులకి ఎర్ర సున్నాలు చుట్టడం మొదలుపెట్టాను. మా ఆవిడ చూసి, "రాహుకాలంలో ఎత్తుతున్నారేమో" అంది. నవ్వకండి, దాదాపు అదే తేలింది! ఐదింటికి లేచి, గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బండి మీద వంగి కూర్చుని వచ్చి, దిగీ దిగగానే డెడ్‌లిఫ్ట్‌కి, అంటే నేల మీది బరువు పైకి ఎత్తడానికి, వంగిన రోజులకే సున్నాలు. సాయంత్రం అదే బరువు ఎత్తితే ఏమీ కాలేదు. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని బిగుతుగా తయారవుతాయి. పొద్దున్న మనం కాస్త పొడుగ్గా ఉండేది కూడా అందుకే. లేచిన మొదటి గంటలో నడుము వంచితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. ఇప్పుడు పొద్దున్న నడక, చేతుల వ్యాయామాలు మాత్రమే. వంగే పనులన్నీ సాయంత్రానికి మార్చేశాను.

ఇక తుంటి సంగతి. బస్కీ తీసేటప్పుడు "ఇంకా కిందకి, ఇంకా కిందకి" అని పక్కనుంచి అరుస్తుంటారు. తొడ ఎముక తల కూర్చునే గిన్నె లోతు, దిశ అందరికీ ఒకేలా ఉండవు. కొందరికి సగం దిగేసరికే అక్కడ చోటు అయిపోతుంది. అయినా దిగితే కటి, అంటే నడుము కింది ఎముకల చట్రం, కిందకి ముడుచుకుంటుంది, దాంతో నడుము గుండ్రంగా వంగుతుంది. తుంటిలో చోటు చాలకపోతే ఆ లోటు నడుము తీర్చాల్సి వస్తుంది. నేను పాదాలు కాస్త ఎడం చేసి, వేళ్లు బయటికి తిప్పి, వెనక ఒక పెట్టె పెట్టుకుని, దాన్ని తాకి లేస్తున్నాను. పెట్టె ఏమిటని కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీయండి.

నొప్పి తగ్గాక మళ్లీ మొదలుపెట్టడం దగ్గరే నేను ఎక్కువసార్లు బోల్తా పడ్డాను. 100 కిలోలు ఎత్తేవాణ్ణి 40 దగ్గర మొదలుపెట్టడం పరువు తక్కువ అనిపించేది. ఇప్పుడు నా లెక్క ఇది: చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాటికల్లా మామూలు స్థితికి రావాలి. రాకపోతే బరువు తగ్గిస్తాను, మానను. ఎంత ఎత్తుతున్నామన్నదే కాదు, ఎలా ఎత్తుతున్నామన్నదీ చూసుకోవాలి. మన ఉత్తరాంధ్ర ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు రకాల ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తారు. ఆవిడ ఎత్తినప్పుడు బార్, అంటే బరువులు తగిలించిన కడ్డీ, ఒంటికి ఎంత దగ్గరగా పైకొస్తుందో వీడియోలో చూడండి. బార్ ముందుకి జరిగేకొద్దీ నడుము మీద భారం పెరుగుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నా మాటలు పక్కన పెట్టేయండి. కాలు బలహీనపడినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా డాక్టర్‌కి చూపించాల్సిందే.

సరే, చీపురు కర్ర ఒకటి తెచ్చాను. ముందు వరసలో నడుము పట్టుకుని కూర్చున్న బాబాయ్, నొప్పి మరీ ఎక్కువగా లేకపోతే ఇలా రండి. కర్ర తల వెనక, వీపుకి, కటి వెనక తాకాలి. మోకాళ్లు కొద్దిగా వంచి, పిరుదులు వెనక్కి తోస్తూ వంగండి. అదిగో, కర్ర తల నుంచి ఊడిపోయింది... పర్లేదు, మళ్లీ.