పోయిన నోడ్‌కి హాజరు ఎవరు వేస్తున్నారు? హెచ్‌డీఎఫ్‌ఎస్ నోడ్ రికార్డుల రివ్యూ

నమస్తే అండి. మాటల్లోకి దిగే ముందు ఒక పని చేస్తాను, చూడండి. నా టేబుల్ కింద ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. అందులో ఐదు వర్చువల్ మెషీన్లు నడుస్తున్నాయి. ఒకటి నేమ్‌నోడ్, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో లెక్క చూసేది. నాలుగు డేటానోడ్లు, అంటే ఆ డేటాని దాచేవి. హడూప్ 3.3 వేశాను, ఫైళ్ళని ముక్కలు చేసి చాలా మెషీన్లలో దాచే దాని ఫైల్ సిస్టమే హెచ్‌డీఎఫ్‌ఎస్. ఇప్పుడు నాలుగో డేటానోడ్‌ని ఆపేస్తున్నాను. పద్ధతిగా షట్‌డౌన్ చెయ్యట్లేదు, ప్లగ్ పీకినట్టు ఒక్కసారిగా. అయిపోయింది. తెర మీద ఎడమ పక్కన గడియారం పెట్టాను. కుడి పక్కన నేమ్‌నోడ్ వెబ్ పేజీ, 9870 పోర్టు. లైవ్ నోడ్లు అన్నచోట ఇంకా నాలుగు అనే చూపిస్తోంది. అది మూడు ఎప్పుడవుతుందో చూద్దాం, ఈలోపు కబుర్లు చెప్పుకుందాం.

హెచ్‌డీఎఫ్‌ఎస్ స్పీడెంత, ఖర్చెంత అని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. నేను ఒకే ఒక్క విషయం పట్టుకుంటాను. క్లస్టర్‌లో, అంటే ఇలా కలిసి పనిచేసే మెషీన్ల గుంపులో, ఏయే మెషీన్లు ఉన్నాయి, ఏది బతికుంది, ఏది సెలవులో ఉంది, దేన్ని తీసేశాం అన్న లెక్క ఈ సిస్టమ్ ఎలా రాసుకుంటుంది? వినడానికి చప్పగా ఉంటుంది కానీ, క్లస్టర్ నడిపేవాళ్ళకి రాత్రుళ్ళు నిద్ర లేకుండా చేసేది ఎక్కువసార్లు ఈ లెక్కే.

ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. ఆంధ్రలో అడంగల్ అంటాం, తెలంగాణలో పహాణీ అంటాం. అందులో మీ పేరు మీద ఐదెకరాలు ఉంటుంది. గొలుసు పట్టి కొలిస్తే నాలుగున్నరే తేలుతుంది. కాగితం మీద ఒకటి, నేల మీద ఒకటి. డిస్ట్రిబ్యూటెడ్ ఫైల్ సిస్టమ్‌లో కూడా సరిగ్గా ఇదే తంటా. ఫలానా బ్లాక్, అంటే ఫైల్‌లో ఒక ముక్క, ఫలానా మెషీన్‌లో ఉందని రాసిపెట్టుకుంటాం. ఆ మెషీన్‌లో డిస్క్ పోతుంది, లేదా ఎవరో పేరు మారుస్తారు, లేదా రీబూట్ అయి ఇంకో ఐపీతో లేస్తుంది. రాసుకున్నది అబద్ధమైపోతుంది.

2003లో గూగుల్ ఇంజనీర్లు తమ గూగుల్ ఫైల్ సిస్టమ్ గురించి ఒక పేపర్ రాశారు. అందులో నాకు బాగా నచ్చిన ఒప్పుకోలు ఒకటుంది. మొదట్లో ఏ చంక్ (మన బ్లాక్‌లాంటిది) ఏ సర్వర్‌లో ఉందో మాస్టరే (మన నేమ్‌నోడ్‌లాంటిది) శాశ్వతంగా దాచుకునేలా కట్టాలని చూశారట. తర్వాత మానుకున్నారు. తన డిస్క్‌లో ఏముందో చివరి మాట చెప్పగలిగేది ఆ సర్వరే కాబట్టి, మాస్టర్ లేచినప్పుడల్లా సర్వర్లనే అడగడం తేలికని తేల్చుకున్నారు. ఆ పేపర్ చూసి కట్టినదే హెచ్‌డీఎఫ్‌ఎస్ కాబట్టి ఈ బుద్ధి ఇక్కడికీ వచ్చింది. నేమ్‌నోడ్ తన డిస్క్ మీద ఫైల్ పేర్లు, ఏ ఫైల్‌లో ఏయే బ్లాకులు అన్నది రాసుకుంటుంది. ఏ బ్లాక్ ఏ మెషీన్‌లో అన్నది మాత్రం రాసుకోదు, అది మెమరీలోనే ఉంటుంది. నేమ్‌నోడ్ రీస్టార్ట్ అయితే డేటానోడ్లు ఒక్కొక్కటే వచ్చి, నా దగ్గర ఇవి ఉన్నాయని బ్లాక్ రిపోర్ట్ ఇస్తాయి. తర్వాత కూడా డిఫాల్ట్‌గా 6 గంటలకోసారి పూర్తి రిపోర్ట్ వస్తూనే ఉంటుంది.

నా దృష్టిలో ఈ సిస్టమ్‌లో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం ఇదే. రాసిపెట్టుకోని రికార్డుకి పాతబడే గుణం ఉండదు.

గడియారం చూడండి, రెండు నిమిషాలు దాటింది. లైవ్ నాలుగే. కానీ డేటానోడ్స్ ట్యాబ్‌లో లాస్ట్ కాంటాక్ట్ అనే గడి చూడండి. మిగతా మూడింటికీ 0, 1, 2 మధ్య ఆడుతోంది. నాలుగోదానికి 130 దాటింది. ప్రతి డేటానోడ్ 3 సెకన్లకోసారి హార్ట్‌బీట్ పంపాలి, స్కూల్లో ప్రెజెంట్ సార్ అన్నట్టు. 30 సెకన్లు పలకకపోతే స్టేల్ అంటుంది, అంటే అనుమానం. అయితే స్టేల్ నోడ్‌ని చదవడానికి చివర్లో పెట్టే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. ఎందుకో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. దాన్ని ఆన్ చేసుకోండి.

ఇక అసలు గొడవ. నోడ్లు తమ గురించి తాము చెప్పుకునేది ఒక సగం. రెండో సగం మనం రాసేది, అంటే ఏ మెషీన్‌ని రానివ్వాలి, దేన్ని సాగనంపాలి అన్నది. హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో పాత పద్ధతి రెండు టెక్స్ట్ ఫైళ్ళు. ఒకటి ఇన్‌క్లూడ్, రానిచ్చేవాళ్ళ జాబితా. రెండోది ఎక్స్‌క్లూడ్, పంపించేవాళ్ళ జాబితా. మార్చి సేవ్ చేసి, డీఎఫ్‌ఎస్ అడ్మిన్‌లో రిఫ్రెష్ నోడ్స్ కమాండ్ కొట్టాలి. అప్పుడే నేమ్‌నోడ్ మళ్ళీ చదువుతుంది.

చాలామంది ఇన్‌క్లూడ్ ఫైల్‌ని ఖాళీగా వదిలేస్తారు. ఖాళీగా ఉంటే ఎవరైనా రావచ్చని అర్థం, పెళ్ళిలో భోజనాల పందిరిలాగ. మొదట్లో హాయిగానే ఉంటుంది. తంటా ఎక్కడంటే, ఒక మెషీన్‌ని డీకమిషన్ చేసి, అంటే దానిలోని బ్లాకులని వేరే నోడ్లకి కాపీ చేయించి సాగనంపి, తీసి పక్కన పడేసినా దాని పేరు డెడ్ జాబితాలోంచి పోదు. ఇన్‌క్లూడ్ ఖాళీ అయితే అందరూ ఆహ్వానితులే కదా, ఎవర్ని తీసేసినట్టు? అందుకని నేమ్‌నోడ్ ఆ పేరు చెరపదు. రీస్టార్ట్ చేసేదాకా అమావాస్య తర్పణంలా రోజూ ఆ పేరు చదువుకోవాల్సిందే. ఇన్‌క్లూడ్ నింపి ఉంటే, రెండు ఫైళ్ళలోంచీ పేరు తీసి రిఫ్రెష్ కొడితే శుభ్రంగా పోతుంది.

ఇన్‌క్లూడ్ నింపినవాళ్ళకి ఇంకో గొయ్యి ఉంది. ఎక్స్‌క్లూడ్‌లో పెట్టకుండా ఇన్‌క్లూడ్‌లోంచి నేరుగా పేరు కొట్టేశారనుకోండి, రిఫ్రెష్ అవగానే నేమ్‌నోడ్ ఆ డేటానోడ్‌ని గుమ్మంలోంచే పంపేస్తుంది. కాపీలు వేరే చోటికి చేరేదాకా ఆగదు. ముందు ఎక్స్‌క్లూడ్, డీకమిషన్డ్ అని వచ్చేదాకా ఓపిక, ఆ తర్వాతే ఇన్‌క్లూడ్. ఈ వరస తప్పితే దేవుడు కూడా కాపాడడు, మిగిలిన రెండు కాపీలే కాపాడాలి.

డీకమిషన్ ఎలా సాగుతుందో నిన్న రికార్డు చేసి పెట్టాను, ఈ క్లిప్ చూడండి. నాలుగు నోడ్లలో ఒకదాన్ని ఎక్స్‌క్లూడ్‌లో పెట్టాను. డీకమిషన్ ఇన్ ప్రోగ్రెస్ అని వచ్చింది, బ్లాకులు మిగతా మూడింటికి సర్దుకున్నాయి, డీకమిషన్డ్ అయింది. బాగుంది. ఇప్పుడు రెండోదాన్ని పెట్టాను. ఇన్ ప్రోగ్రెస్ అంది. టీ తాగొచ్చాను, ఇన్ ప్రోగ్రెస్. అన్నం తినొచ్చాను, ఇన్ ప్రోగ్రెస్. నా ఫైళ్ళ రెప్లికేషన్ 3, అంటే ప్రతి బ్లాక్‌కీ మూడు కాపీలు వేర్వేరు నోడ్లలో ఉండాలి, మిగిలినవి రెండే నోడ్లు. మూడో కాపీకి చోటేదీ? ఎన్నాళ్ళున్నా అది పూర్తవదు. నేమ్‌నోడ్ అది మొండికేసిందని కానీ, కారణం ఇదని కానీ పేజీ మీద ఒక్క ముక్క చెప్పదు. చిన్న క్లస్టర్లలో డీకమిషన్ ఆగిపోయిందని ఎవరన్నా అంటే నేను ముందు అడిగేది నోడ్లెన్ని, రెప్లికేషనెంత అనే. అది కాదంటే ఎవరో ఒక ఫైల్‌ని తెరిచి రాస్తూ కూర్చున్నారని అనుమానించాలి. లిస్ట్ ఓపెన్ ఫైల్స్ కమాండ్ అందుకే ఉంది.

ఇప్పుడు నా సొంత గాయం. నేను గతంలో పనిచేసిన ఒక చోట, పేరెందుకులెండి, యాక్టివ్, స్టాండ్‌బై అని రెండు నేమ్‌నోడ్లు ఉండేవి, ఒకటి పడిపోతే రెండోది పని అందుకునేలా. శుక్రవారం సాయంత్రం ఒక పాత మెషీన్‌ని డీకమిషన్ చేశాను. పూర్తయింది. సోమవారం ర్యాక్‌లోంచి లాగేద్దామనుకుని ఇంటికెళ్ళిపోయాను. రిఫ్రెష్ నోడ్స్ కమాండ్ రెండు నేమ్‌నోడ్లకీ వెళ్తుంది, అంతవరకూ నిజమే. కానీ ఏ నేమ్‌నోడ్‌కి ఆ నేమ్‌నోడ్ తన డిస్క్ మీదున్న ఫైల్‌నే చదువుతుంది. నేను యాక్టివ్‌లో ఫైల్ మార్చాను, స్టాండ్‌బైకి కాపీ చెయ్యడం మర్చిపోయాను. శనివారం రాత్రి ఫెయిలోవర్ అయింది. కొత్తగా యాక్టివ్ అయిన నేమ్‌నోడ్ దృష్టిలో ఆ పాత మెషీన్ శుభ్రంగా ఉద్యోగంలో ఉన్నట్టే. ఆదివారమంతా దాని మీద కొత్త బ్లాకులు రాసింది. సోమవారం పొద్దున నేను ధీమాగా వైరు పీకేశాను.

రెప్లికేషన్ 3 ఉన్నవి బతికాయి. కానీ ఒక టీమ్ వాళ్ళు తాత్కాలిక ఫైళ్ళని చోటు ఆదా అని రెప్లికేషన్ 1తో పెట్టుకున్నారు. వాటిలో కొన్ని మిస్సింగ్ బ్లాక్స్ అని ఎర్రగా వచ్చాయి. మెషీన్ తెచ్చి మళ్ళీ తగిలించి ఆన్ చేసేదాకా ఒకటే టెన్షన్. తప్పు నాదే. అయినా రెండు నేమ్‌నోడ్ల జాబితాలు ఒకదానితో ఒకటి కలవట్లేదని ఒక్క హెచ్చరిక చేసి ఉంటే దాని సొమ్మేం పోయింది?

ఐదున్నర నిమిషాలు. లైవ్ ఇంకా నాలుగే. లాస్ట్ కాంటాక్ట్ 330.

కొత్త పద్ధతి గురించి చెప్తాను. ఆ రెండు టెక్స్ట్ ఫైళ్ళ బదులు ఒకే జేసన్ ఫైల్ (పేరు, విలువ జతలుగా రాసే టెక్స్ట్) పెట్టుకోవచ్చు. ఒక్కో మెషీన్‌కి ఒక్కో ఎంట్రీ. పేరు, దాని స్థితి నార్మలా, డీకమిషన్డా, మెయింటెనెన్సా అన్నది, కావాలంటే అప్‌గ్రేడ్ డొమైన్ (ఒకేసారి అప్‌గ్రేడ్ చేసే మెషీన్ల గుంపు పేరు) కూడా అందులోనే. ఒక మెషీన్ గురించిన సంగతంతా ఒక్క చోట ఉండటం పెద్ద ఊరట. అసలు లాభం మెయింటెనెన్స్ స్థితి. ర్యామ్ మార్చడానికి మెషీన్‌ని గంటసేపు ఆపాలంటే టెరాబైట్ల కొద్దీ డేటా అటూ ఇటూ కాపీ చెయ్యక్కర్లేదు. ప్రతి బ్లాక్‌కీ బయట కనీసం ఒక్క కాపీ బతికుంటే చాలని డిఫాల్ట్. ఆ ఒకటిని రెండు చేసుకోమని నా సలహా. ఒక్క కాపీ మీద ధైర్యంగా ఉండటం ఒంటి స్తంభం మేడలో కాపురం పెట్టడమే.

మెయింటెనెన్స్‌కి గడువు కూడా రాయొచ్చు. కానీ ఎలా రాయాలో తెలుసా? సాయంత్రం ఆరు గంటలదాకా అని రాయనివ్వరు. 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టి మిల్లీసెకన్లలో, మొత్తం 13 అంకెలు రాయాలి. లైనక్స్‌లో డేట్ కమాండ్ మామూలుగా ఇచ్చే సెకన్ల సంఖ్య 10 అంకెలు. అది తెచ్చి అతికించారనుకోండి, నేమ్‌నోడ్ లెక్కలో మీ గడువు 1970 జనవరి మూడో వారంలోనే తీరిపోయింది. అసలు మెయింటెనెన్స్ మొదలే కాదు. నేను చేశానా అని అడగకండి.

ఇంకో వెలితి, ఈ మెషీన్‌ని ఎందుకు తీశాం, ఎవరు తీశారు అన్నది ఎక్కడ రాయాలి? పాత టెక్స్ట్ ఫైల్‌లో హ్యాష్ గుర్తు పెట్టి ఒక ముక్క రాసుకునే వీలుండేది. జేసన్‌లో కామెంట్లకి చోటు లేదు. అందుకే నేను ఆ ఫైల్‌ని గిట్‌లో (ఫైళ్ళ మార్పుల చరిత్ర దాచే టూల్) పెడతాను, కారణం కమిట్ మెసేజ్‌లో రాస్తాను, అక్కడి నుంచే రెండు నేమ్‌నోడ్లకీ ఒకేసారి పంపిస్తాను. శనివారం రాత్రి నేర్పిన పాఠం.

గుర్తింపు గురించి ఒక మాట. డేటానోడ్ మొదటిసారి లేచినప్పుడు తనకో యూయూఐడీ, అంటే ఇంకెవరికీ ఉండకూడని గుర్తింపు సంఖ్య, పుట్టించుకుని, డేటా డైరెక్టరీలో వెర్షన్ అనే ఫైల్‌లో రాసుకుంటుంది. నేమ్‌నోడ్ పేరు కన్నా దాన్నే నమ్ముతుంది. ఇదే ల్యాబ్ కట్టినప్పుడు బద్ధకించి, ఒక డేటానోడ్‌ని నడిపి చూసి, ఆ మెషీన్‌నే మూడు కాపీలు కొట్టాను. నాలుగు మెషీన్లు నడుస్తుంటే పేజీలో ఒక్కటే కనిపిస్తుంది, దాని పేరు మారిపోతూ ఉంటుంది. ఒకే ఆధార్ నంబర్‌తో నలుగురు క్యూలో నిలబడ్డట్టు. డేటా లేదు కాబట్టి కాపీల్లో డైరెక్టరీ ఖాళీ చేసి మళ్ళీ లేపితే సరిపోయింది. గ్లస్టర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లో కూడా అచ్చం ఇదే గొడవ, అక్కడ యూయూఐడీ ఉండేది గ్లస్టర్‌డీ డాట్ ఇన్ఫో అనే ఫైల్‌లో.

సెఫ్ అనే ఇంకో స్టోరేజ్ సిస్టమ్‌తో పోల్చమని అడుగుతారు కదా. సెఫ్‌లో డౌన్ వేరు, ఔట్ వేరు. పలకకపోతే డౌన్, డిఫాల్ట్‌గా 600 సెకన్లయ్యాక ఔట్, అప్పుడే డేటా కదులుతుంది. ఈ రెండు మాటల తేడా నాకు హెచ్‌డీఎఫ్‌ఎస్ కన్నా నచ్చింది. అయితే అక్కడ ఒక ఓఎస్‌డీని (డేటా దాచే డిస్క్‌ని చూసుకునే ప్రోగ్రామ్) రికార్డుల్లోంచి చెరపాలంటే ఒకప్పుడు క్రష్ మ్యాప్‌లో (ఏ డేటా ఎక్కడికి వెళ్ళాలో తేల్చే పటం) ఒకసారి, తాళాల జాబితాలో ఒకసారి, ఓఎస్‌డీ జాబితాలో ఒకసారి, మూడు కమాండ్లు కొట్టాల్సి వచ్చేది. 2017లో వచ్చిన లూమినస్ వెర్షన్‌లో పర్జ్ అనే ఒక్క కమాండ్‌తో ఆ బాధ తీరింది.

మార్కులంటారా? తన నోడ్ల గురించి నిజం తెలుసుకునే పద్ధతికి హెచ్‌డీఎఫ్‌ఎస్‌కి పదికి తొమ్మిది. మనం రాసే జాబితాలని చూసుకునే పద్ధతికి నాలుగు, జేసన్ వాడితే ఐదున్నర.

ఆగండాగండి, గడియారం 10 నిమిషాల 30 సెకన్లు దాటింది. పేజీ రిఫ్రెష్ చేస్తున్నాను. లైవ్ మూడు, డెడ్ ఒకటి. ఆ లెక్క ఎలాగంటే 5 నిమిషాల రీచెక్ గడువుకి రెట్టింపు, దానికి పది హార్ట్‌బీట్లు కలిపితే 630 సెకన్లు. కానీ కింద అండర్ రెప్లికేటెడ్ బ్లాక్స్, అంటే కాపీలు తగ్గిన బ్లాకులు, చూడండి, ఇంకా సున్నాయే. డెడ్ అని చూపించడానికి గడియారం చాలు. ఆ నోడ్‌ని నిజంగా లెక్కలోంచి తీసి కాపీలు మొదలుపెట్టే తనిఖీ మాత్రం 5 నిమిషాలకోసారే తిరుగుతుంది. మన టైం బాగోక ఇప్పుడే తిరిగి వెళ్ళినట్టుంది.

ఉండండి, ఇంకోసారి రిఫ్రెష్ చేస్తాను. సున్నా. ఇంకోసారి. అదిగో, 212. కదిలింది.