మెస్‌లో ఎదురుపడే పాఠకుడు

(విశాఖపట్నంలో ఒక డిగ్రీ కళాశాల విద్యార్థి పత్రిక ప్రారంభ సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీ కాలేజీలో విద్యార్థి పత్రిక మొదలవుతోంది, వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఎంతో సంతోషంగా వచ్చాను. నేను ఈ వృత్తిలోకి వచ్చింది ఇలాంటి పత్రిక నుంచే. తర్వాత డెస్క్‌లో కూర్చున్నాను, రిపోర్టింగ్‌లో తిరిగాను, డాబాగార్డెన్స్ ప్రెస్‌క్లబ్‌లో లెక్కలేనన్ని ప్రెస్‌మీట్లు విన్నాను. రిపోర్టర్‌కి ఉండాల్సిన జాగ్రత్త మాత్రం నాకు కాలేజీ పత్రికలోనే అబ్బింది.

ఎందుకంటే, పెద్ద పత్రికలో మనం ఎవరి గురించి రాస్తామో వాళ్లు మళ్లీ మనకి తారసపడటం అరుదు. ఇక్కడ అలా కాదు. పొద్దున పత్రిక వస్తే మధ్యాహ్నానికి ఆ మనిషి మెస్‌లో మీ పక్కనే కంచం పెట్టుకుని కూర్చుంటాడు. మీరు ఎవరి మీద రాశారో ఆ లెక్చరరే మీకు ఇంటర్నల్ మార్కులు వేస్తారు. మీరు ఎవరి మాట వేశారో ఆ అమ్మాయి, ఒక్క పదం అటూ ఇటూ అయినా, "నేనెప్పుడన్నాను అలాగ?" అని కారిడార్‌లోనే నిలదీస్తుంది. పాఠకుడు ఇంత దగ్గరగా ఉండే పత్రిక ఇంకోటి లేదు. ఈ పాఠం ఏ క్లాసులోనూ దొరకదు.

మా హాస్టల్ నీళ్ల సంగతి చెబుతాను. ఒక జూనియర్ కుర్రాడు ఐటెం రాసుకొచ్చాడు. "హాస్టల్లో నీళ్లు రాక విద్యార్థులు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు. ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా పట్టించుకోవడం లేదని పలువురు వాపోయారు. ఇప్పటికైనా సంబంధిత అధికారులు స్పందించాలని కోరుతున్నారు." అచ్చం దినపత్రికలో వచ్చినట్టే ఉంది. వార్త మాత్రం అందులో లేదు. మా ఎడిటర్ ఫైనలియర్ అక్క. ఆ కాగితం పక్కన పెట్టి అడగడం మొదలుపెట్టింది. ఏ అంతస్తులో రావట్లేదు? ఎన్నింటికి ఆగిపోతున్నాయి? పలువురంటే ఎవరు? మోటారు ఎవరు వేస్తారు? డాబా ఎక్కి ట్యాంకు చూశావా?

వాడికి తోడు నేనూ వెళ్లాను. కింది అంతస్తుల్లో నీళ్లు బాగానే వస్తున్నాయి. పై అంతస్తులో పొద్దున ఏడు దాటితే చుక్క లేదు. డాబా మీద రెండు ట్యాంకులుంటే ఒకటి అడుగున చీలిపోయి, రాత్రంతా నింపిన నీళ్లు తెల్లారేసరికి కారిపోతున్నాయి. వాచ్‌మన్‌ని అడిగితే లోపలికెళ్లి రిజిస్టర్ తెచ్చి చూపించాడు. ట్యాంకు మార్చాలని తేదీతో సహా రాసి ఉంది, కింద వార్డెన్ సంతకం ఉంది. వార్డెన్ గారి దగ్గరికి వెళితే, ఎస్టిమేట్ ఎప్పుడో పంపాననీ, ఆఫీసులో సంతకం కాలేదనీ ఆయన చెప్పారు. వార్త అంటే అదీ. నీళ్లు రావట్లేదన్న సంగతి పై అంతస్తు వాళ్లందరికీ తెలుసు. ఎందుకు రావట్లేదో, ఏ బల్ల మీద ఆగిందో ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి పేజీ పెట్టే ముందు పెద్ద చర్చే జరిగింది. వాచ్‌మన్ పేరు వేయాలా? ఆయన కాంట్రాక్టు మనిషి. పేరు పడితే మర్నాడే పని పోవచ్చు. రిజిస్టర్లో రాత మేం కళ్లారా చూశాం కనుక ఆయన పేరు లేకుండానే వార్త నిలబడుతుందని అక్క తేల్చింది. ఆయన రోజూ మాకు గేటు తీసే మనిషి. ఆ ముఖం మా కళ్లముందు ఉండబట్టే ఆ ప్రశ్న మాకు తట్టింది.

1974 ఆగస్టు 10న ఈనాడు మొదలైంది మన విశాఖలోనే. అంతకు సరిగ్గా నూరేళ్ల క్రితం, 1874లో, కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో వివేకవర్ధని పెట్టారు. లంచాలు తినేవాళ్ల గురించి తన ఊళ్లో ఉంటూనే రాశారాయన. దగ్గరివాళ్ల మీద రాయడానికి దమ్ముండాలి.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి పత్రిక ఉంది, స్టాన్‌ఫర్డ్ డైలీ. 2022లో థియో బేకర్ అనే మొదటి సంవత్సరం విద్యార్థి, విశ్వవిద్యాలయ అధ్యక్షుడి పేరున్న పరిశోధన పత్రాల్లో చిత్రాలు తారుమారయ్యాయన్న ఆరోపణల మీద వరుసగా రాశాడు. విచారణ వేశారు. అధ్యక్షుడు స్వయంగా తారుమారు చేసినట్టు విచారణ తేల్చలేదు, తప్పులు సరిదిద్దడంలో మాత్రం వెనకబడ్డారంది. 2023 జులైలో ఆయన రాజీనామా ప్రకటించారు. ఈ రెండు ముక్కలూ కలిపి చెబితేనే అది నిజం. మొదటి ముక్క మింగేసి రెండోది హెడ్డింగ్ చేయడం చాలా సులువు. ఆ పని చేయకండి.

క్యాంపస్‌లో మీకున్న ఇంకో బలం మనుషులు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. స్టైరీన్ అంటే ఏమిటి, ట్యాంకులో వేడి పెరిగితే ఏమవుతుంది అని వివరించగలిగేవాళ్లు ఈ ఊరి కాలేజీల కెమిస్ట్రీ విభాగాల్లోనే ఉంటారు. ఫ్యాక్టరీల మధ్య బతికే ఊరు మనది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, హార్బర్లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. మత్స్యకారుల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు మీ క్లాసులోనే ఉండి ఉంటారు. వాళ్లనే రాయమనండి.

వార్షికోత్సవాలు, జ్యోతి ప్రజ్వలనలు, శాలువా ఫోటోలు ఒక మూల బాక్స్ ఐటెం చాలు.

ఏదైనా కాగితం చూపించమంటే చూపించకపోతే, 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ప్రభుత్వ కళాశాలకైనా విశ్వవిద్యాలయానికైనా పది రూపాయలతో దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎందుకివ్వలేదు?" అని అడక్కండి. ఫలానా ఫైలు నకలు ఇవ్వండి అని అడగండి. లైంగిక వేధింపుల వార్తల్లో బాధితురాలి పేరుగానీ, ఆనవాలుపట్టే వివరంగానీ వేయొద్దు.

ప్రిన్సిపాల్ గారూ, మీ ఎదుటే ఒక మనవి. పత్రిక అచ్చుకి వెళ్లేముందు దయచేసి చూడకండి. అచ్చయ్యాక ప్రతి అక్షరం చదవండి, తప్పుంటే పిల్లల్ని పిలిచి అడగండి, మీ వివరణ పంపండి, పూర్తిగా వేయమనండి. ముందే మీ సంతకం పడితే జవాబుదారీ మీదైపోతుంది, వాళ్లకి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

డబ్బు గురించి బెంగ వద్దు. అచ్చు వేయించలేకపోతే నాలుగు పేజీలు జిరాక్స్ తీయండి, అదీ కుదరకపోతే గోడపత్రిక పెట్టండి. కానీ మొదటి సంచిక నుంచే రెండో పేజీలో పైన "సవరణలు" అని చోటు కేటాయించండి. పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా అక్కడ వేయండి. ఏది తప్పో, ఏది ఒప్పో రెండూ రాయండి. ఎవరైనా కోపంగా వస్తే కూర్చోబెట్టి, వాళ్ల మాట నోట్‌బుక్కులో రాసుకున్నాకే మీ మాట చెప్పండి. ఇక మీ ప్రశ్నలు అడగండి. మొదటి సంచికకి ఎవరెవరు ఏ ఐటెం రాస్తున్నారో కూడా చెప్పండి, ఇప్పుడే కూర్చుని చూద్దాం.