వార్డులో పుట్టిన ప్రశ్నకు ల్యాబ్‌లో జవాబు

శ్రోతలకు నమస్కారం.

గుండెలో కృత్రిమ కవాటం అమర్చినవాళ్లకు డాక్టర్లు వార్ఫరిన్ మాత్ర రాస్తారు. రక్తం గడ్డకట్టకుండా చూసే మందు ఇది. మోతాదు చాలకపోతే కవాటం మీద గడ్డ కడుతుంది, ఎక్కువైతే చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కారుతుంది. అందుకే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష తరచూ చేయించుకోవాలి.

ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని క్లినికల్ ఫార్మసిస్టు, అంటే ఆసుపత్రిలో రోగుల మందులు చూసుకునే నిపుణుడు, అడిగే ప్రశ్నలు వినండి. "ఈ వారం పాలకూర పప్పు ఎన్నిసార్లు తిన్నారమ్మా? మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో ఏమైనా కొని వేసుకున్నారా?" ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మందు పనికి అడ్డుపడుతుంది. అలాగని ఆకుకూరలు పూర్తిగా మానేయక్కర్లేదు, ఏ వారమైనా దాదాపు ఒకే తీరులో తింటే చాలు. నొప్పి మాత్రలు మాత్రం డాక్టరుకు చెప్పకుండా వేసుకోకూడదు.

అయితే తిండిలో తేడా లేకపోయినా, మాత్ర వేళకే వేసుకున్నా, ఒకరికి రోజుకు 2 మిల్లీగ్రాములు సరిపోతే మరొకరికి 8 కావాల్సి వస్తుంది. ఎందుకని? వార్డులో ఎంత వెతికినా దీనికి పూర్తి జవాబు దొరకదు. ఈ మందును విరగ్గొట్టే సీవైపీ2సీ9 అనే ఎంజైము కాలేయంలో ఉంటుంది. దాని జన్యువులో కొన్ని తేడాలున్నవాళ్లలో మందు నెమ్మదిగా విరుగుతుంది కాబట్టి తక్కువ మోతాదే చాలు. మందు నేరుగా పనిచేసే చోటుకు సంబంధించిన వీకేఓఆర్‌సీ1 జన్యువును 2004లో గుర్తించారు. వార్ఫరిన్‌ను మనుషులకు వాడటం మొదలైంది 1950ల్లో. మధ్యలో దాదాపు యాభై ఏళ్లు గడిచాయి!

రోగి మంచం పక్కన ఈ ప్రశ్న తట్టినవాళ్లకే జన్యువును చదవడం కూడా వచ్చి ఉంటే ఎంత మేలు! ఫార్మసీ చదువుకు పరిశోధన డిగ్రీని జతచేయాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు ఫార్మ్ డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ), పీహెచ్‌డీ రెండింటినీ కలిపి చదివిస్తున్నాయి. మొత్తం ఏడెనిమిదేళ్లు పడుతుంది. మన దేశంలో ఫార్మ్ డీ 2008లో వచ్చింది. అయిదేళ్లు చదువు, ఆరో ఏడు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. పరిశోధన చేయాలనుకునేవాళ్లు ఆ తర్వాత పీహెచ్‌డీలో చేరతారు.

"ముప్పై ఏళ్లు వచ్చేదాకా చదువేనా?" అని ఇంట్లో టెన్షన్ పడతారు. ఆ టెన్షన్‌లో న్యాయం ఉంది. కానీ ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీకి చేతి డబ్బు పెట్టుకోవాల్సిన పని పెద్దగా ఉండదు. 2023 నుంచి, పరీక్ష రాసి తెచ్చుకునే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. ఏ పరీక్షకు ఏ డిగ్రీ పనికొస్తుందో నోటిఫికేషన్ చూసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

ఇంటర్న్‌షిప్‌లో ఉన్న పిల్లలకు ఒక మాట. కేస్ షీట్లు రాసేటప్పుడు, ఫలానా రోగికి మందు ఎందుకు పనిచేయలేదో అంతుపట్టకపోతే, పేరు రాయకుండా ఆ ప్రశ్నను మాత్రం విడిగా రాసిపెట్టుకోండి. రేపు పీహెచ్‌డీకి గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్లండి. వాళ్ల ల్యాబ్‌కు ఏదైనా ఆసుపత్రితో ఒప్పందం ఉందా, ఎథిక్స్ కమిటీ అనుమతితో రోగుల రక్త నమూనాలు వస్తాయా అని మొహమాటపడకుండా అడగండి. రావంటే మరో ల్యాబ్ చూసుకోండి.

నమస్కారం.