పొర వెయ్యడం సరే, తీసే మాట ఏది?

(ఫార్మసీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న పిల్లలకు నమస్కారం. నా గురించి అధ్యక్షులవారు చెప్పినవాటిలో కొన్ని నాకూ కొత్తే. ఆయన అభిమానానికి కృతజ్ఞతలు. నేరుగా విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం 'సౌందర్య సాధనాల్లో ఫిల్మ్ ఫార్మర్లు, చర్మ భద్రత'. ఫిల్మ్ ఫార్మర్ అంటే ఆరాక పలచని పొరగా నిలిచే పదార్థం. నా ఉద్యోగమంతా ఇలాంటి పొరలు తయారుచేసే ల్యాబుల్లోనే గడిచింది. లిప్‌స్టిక్ కప్పుకు అంటలేదన్నా, మస్కారా చెమటకు కారలేదన్నా, సన్‌స్క్రీన్ నీళ్లలో కాసేపు నిలిచిందన్నా వెనక ఒక పాలిమర్ ఉంటుంది. పాలిమర్ అంటే మోనోమర్లనే చిన్న అణువులు పూసల్లా గుచ్చుకున్న పొడవాటి దండ. ఉదాహరణకి యాక్రిలేట్స్ కోపాలిమర్. నీళ్లలో కంటికి కనపడని రేణువులుగా ఉంటుంది. నీరు ఆరేకొద్దీ ఆ రేణువులు ఒకదాన్నొకటి ఒత్తుకుని, నలిగి, కలిసిపోయి ఒకే పొరగా మారతాయి. ఆరడమంటే అంతే.

పీవీపీ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఓపిక పట్టండి. పాలీవినైల్ పైరోలిడోన్. జర్మనీలో వాల్టర్ రెప్పె అనే రసాయన శాస్త్రవేత్త ఎసిటిలీన్‌తో కుస్తీ పడుతూ సాధించాడు. 1939లో పేటెంట్. దానికి దొరికిన తొలి కొలువు అందానికి సంబంధించింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో రక్తం పోయిన సైనికులకు ప్లాస్మా బదులు దీన్ని సిరల్లోకి ఎక్కించారు. ప్రాణాలు నిలిపింది గానీ, పెద్ద అణువులు మూత్రంలో బయటికి పోలేక కాలేయంలోనూ ప్లీహంలోనూ పేరుకున్నాయి. ఆ తర్వాత 1950ల్లో హెయిర్ స్ప్రేల్లోకి వచ్చింది. 1958లో ఒక వైద్య పత్రిక, స్ప్రే పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల్లో ఇది చేరుతోందేమోనని అనుమానం లేవదీసింది. తర్వాతి పరిశీలనల్లో అది గట్టిగా నిలవలేదు. ఇక పుండు కడగడానికి వాడే పోవిడోన్ అయొడిన్ మీకందరికీ తెలుసు. అందులో అయొడిన్‌ను పట్టి ఉంచేదీ ఈ పీవీపీయే.

పదార్థం ఒకటే. సిరలో ఒక లెక్క, ఊపిరిలో ఇంకో లెక్క, చర్మం మీద వేరే లెక్క. అందుకే ఎవరైనా 'ఇది సేఫేనా?' అంటే నేను ముందు అడిగేది 'ఎక్కడ?' అని.

చర్మం మీద అయితే లెక్క సులువు. అణువు బరువు 500 డాల్టన్లు దాటితే ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని దాటి లోపలికి పోవడం కష్టమని 2000లో ఇద్దరు పరిశోధకులు ఒక సూత్రం ప్రతిపాదించారు. మామూలుగా వాడే పీవీపీ కె-30 బరువు 40,000 పైమాటే. దండ దూరదు. విడి పూస దూరుతుంది. ఆ పూస వినైల్ పైరోలిడోన్, బరువు 111. తయారీలో కలవకుండా మిగిలిపోయిన ఈ మోనోమర్ ఎంత ఉందన్నదే అసలు ప్రశ్న. మందుల్లో పీవీపీని పోవిడోన్ అంటారు, దానికి ఫార్మకోపియాలు, అంటే మందుల ప్రమాణ గ్రంథాలు, పెట్టిన హద్దు పది లక్షల్లో 10 భాగాలు. రేపు మీరు ఉద్యోగాల్లో చేరాక సరుకు సర్టిఫికెట్ చేతికొస్తే ముందు ఆ గడి చూడండి. తెల్లదనం తర్వాత చూడొచ్చు.

ఎలర్జీలు అసలే లేవని నేననను. వీపీ హెక్సాడెసీన్ కోపాలిమర్ అనే ఇంకో ఫిల్మ్ ఫార్మర్ పడని మనుషులున్నారు, తక్కువే. నెయిల్ పాలిష్‌లో వాడే టోసిలమైడ్ ఫార్మాల్డిహైడ్ రెజిన్ మరీ గడుసుది. పూసింది గోటికి, దద్దురు లేచేది కనురెప్ప మీద. పూర్తిగా ఆరని గోరు రెప్పకు తగులుతుంది కదా. ముఖానికి రాసుకునే క్రీములన్నీ మానేసినా తగ్గదు. అదే రంగుతో గోళ్లు మెరుస్తూనే ఉంటాయి.

సరే, ఇప్పటిదాకా చెప్పింది సిలబస్. నేనిక్కడికి వచ్చింది వేరే బాధ చెప్పుకోవడానికి.

ఒక కంపెనీ, పేరు అనవసరం. ఎక్కువసేపు నిలిచే ఐలైనర్ తయారైంది. పెట్టె మీద వెయ్యమని మేమొక వాక్యం రాసిచ్చాం: 'నూనె క్లెన్సర్‌లో తడిపిన దూదిని మూసిన కన్ను మీద అరనిమిషం ఆనించండి, రుద్దకండి.' చోటు లేదన్నారు. '24 గంటలు' అన్న అక్షరాలకు మాత్రం సగం పెట్టె ఇచ్చారు! ఐలైనర్ బజారుకు పోయింది. కొన్నాళ్లకి ఉత్తరాలు మొదలు. మీ కెమికల్ పడలేదు, రెప్పలు కమిలిపోయాయి అని. కొందరు చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లి, ఎలర్జీ ఉందేమో తేల్చే ప్యాచ్ టెస్ట్ చేయించుకున్నారు. 48 గంటలు వీపు మీద అంటించి ఉంచి, ఆ తర్వాత మళ్లీ చూసినా ఏమీ లేదు. అప్పుడు మా ల్యాబులో ఒకావిడ ఫోన్ చేసి అడిగింది, 'ఎలా తుడుస్తున్నారండీ?' అని. తడి వైప్‌తో, పోయేదాకా, గట్టిగా. అందరిదీ అదే జవాబు.

ఒంట్లో అన్నిటికంటే పలచని చర్మం రెప్పది. దాని మీద నీళ్లకు లొంగని పొర. దాన్ని నీళ్ల వైప్‌తో తోముతున్నారు. పొర పోదు, పైచర్మం లేచిపోతుంది. ఆ గీరుకుపోయిన చోటికి వైప్‌లోని సువాసన, ప్రిజర్వేటివ్ వెళ్లి చేరతాయి. నింద మాత్రం పాలిమర్ మీద.

సమావేశంలో ఆ వాక్యం మళ్లీ తీశాను. 'అది వేస్తే తియ్యడం కష్టమని జనం అనుకుంటారు' అన్నారు. కష్టమే కదండీ! చివరికి ఏం తేలిందో తెలుసా? కొత్త పెట్టె మీద 'సున్నిత చర్మానికి అనుకూలం' అని చేర్చారు. దానికి చోటు దొరికింది.

అధ్యక్షులవారు చీటీ పంపారు. రెండే నిమిషాలండీ.

పీవీపీ పొర నీళ్లతో పోతుంది. గొట్టాల్లా ఊడివచ్చే మస్కారాకు గోరువెచ్చటి నీళ్లు చాలు. నిలిచే లిప్‌స్టిక్‌లోని ట్రైమిథైల్‌సిలాక్సీసిలికేట్ అనే సిలికోన్ రెజిన్‌కి నూనె కావాలి, నీళ్లు దాని మీద జారిపోతాయి. మూడూ పొరలే, తీసే దారులు వేరు. కొనుక్కున్నవాళ్లకి ఇదెవరు చెప్పాలి? లేబుల్ మీద పదార్థాల పేర్లు చిన్న అక్షరాల్లో చూసి వాళ్లే ఊహించుకోవాలా? వెనక వరసలో కూర్చున్నవాళ్లు చెప్పండి, మీలో ఎంతమందికి మీ సన్‌స్క్రీన్ దేనితో పోతుందో తెలుసు? ... చేతులు లేవలేదు. ఫార్మసీ చదివేవాళ్లవే లేవలేదు.

మీలో కొందరు రేపు లేబుల్ రాసే కుర్చీలో కూర్చుంటారు. ఆ ఒక్క వాక్యం కోసం పోట్లాడండి. పోట్లాటలో ఓడినా మినిట్స్‌లో రాయించండి.

ముందు వరసలోంచి ఒకమ్మాయి నెయిల్ జెల్ గురించి చీటీ పంపింది. మంచి ప్రశ్న, ఎందుకంటే అది ఈ కోవలోది కాదు. మిగతావాటిలో దండ ఫ్యాక్టరీలోనే గుచ్చి వస్తుంది. జెల్‌లో విడి పూసలు గోటి మీదికి వచ్చాక, యూవీ దీపం కింద దండగా గుచ్చుకుంటాయి. హెమా అనే మోనోమర్ బరువు 130. పక్క చర్మానికి అంటినా, దీపం చాలక సగమే గట్టిపడినా ఎలర్జీ పట్టుకోవచ్చు. ఒకసారి పట్టుకుంటే పళ్ల డాక్టరు వాడే కొన్ని రెజిన్లతోనూ ఇబ్బంది రావచ్చు. అందుకే యూరోపియన్ యూనియన్ 2020లో దాన్ని గోళ్ల ఉత్పత్తుల్లో వృత్తి నిపుణుల వాడకానికే పరిమితం చేసింది. ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగావు కదమ్మా, వద్దు.

ఇంకెవరైనా అడుగుతారా?