లాగితే మెత్తబడే మాట: ఐరిష్ విశేషణాల కార్డుల పెట్టె

అందరికీ నమస్కారం. డబ్లిన్‌లో ఇప్పుడు రాత్రి పదిన్నర. మా అమ్మాయి పక్క గదిలో పడుకుంది, అందుకని కాస్త నెమ్మదిగా మాట్లాడతాను.

ముందుగా ఒక మాట. ఇదిగో, ఈ పెట్టె నేను కొన్నది కాదు, తయారుచేసినవాళ్ళు ఉచితంగా పంపారు. డబ్బేమీ ఇవ్వలేదు. బాగుందని చెప్పమని కూడా అడగలేదు. అడగకపోవడమే మంచిదయింది, ఎందుకంటే ఈ వీడియోలో సగం తిట్లే ఉంటాయి. మూత మీద పేరుకు కాగితం అంటించింది అందుకే.

కార్డులెన్ని, అట్ట ఎంత మందం, ధర ఎంత, ఇవన్నీ వేరే వీడియోల్లో చూసే ఉంటారు. ఐరిష్ నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్ళకు విశేషణాలు నేర్పే పెట్టె ఇది. పెద్ద, చిన్న, చల్లని, కొత్త, మంచి లాంటి మాటలు. వాటిని పక్కన పెట్టి నేను మాట్లాడదలచుకున్నది ఒక్క దాని గురించే, ఈ పట్టీ గురించి.

కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. కార్డు మీద ఏనుగు బొమ్మ, దాని కింద 'మోర్' అనే మాట. మోర్ అంటే పెద్ద. కార్డు కుడి అంచున వేలెడంత అట్ట పట్టీ బయటికి వచ్చి ఉంది కదా, ఇప్పుడు దాన్ని లాగుతున్నాను. 'టిక్'మంది, విన్నారా? ఎమ్ అక్షరం పక్కన చిన్న కిటికీ తెరుచుకుని ఎర్రటి హెచ్ వచ్చి కూర్చుంది. ఇప్పుడిది మోర్ కాదు, 'వోర్'. లోపలికి నెడితే మళ్ళీ మోర్. లాగితే వోర్. పెట్టె వచ్చిన రోజు రాత్రి భోజనం చల్లారిపోతున్నా నేను ఇదే ఆడుతూ కూర్చున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ హెచ్ పని ఏమిటంటే, మాట మొదట్లో ఉన్న హల్లును మెత్తబరచడం. ఐరిష్‌లో దీన్ని షేవూ అంటారు. పాత ఐరిష్ లిపిలో అక్షరం నెత్తిన ఒక చుక్క పెట్టేవారు. రోమన్ అక్షరాల అచ్చు వచ్చాక ఆ చుక్క చోట హెచ్ స్థిరపడింది. నాకు దీన్ని వివరించబోయిన ప్రతివాళ్ళూ 'ఇది మీకు చాలా వింతగా ఉంటుంది' అంటూ మొదలుపెట్టారు. వింత ఎందుకు? మనం అన్న, తమ్ముడు కలిపితే అన్నతమ్ములు అంటున్నామా? అన్నదమ్ములు అంటున్నాం. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. పక్కన వచ్చి నిలబడిన మాటను బట్టి రెండో మాట మొదటి అక్షరం మెత్తబడటం మనకు చిన్నప్పుడు బడిలో గసడదవాదేశ సంధి అని వల్లె వేయించిందే. ఆ పాఠం ఇరవై ఏళ్ళ తర్వాత ఐర్లండ్‌లో పనికొస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

తేడా అల్లా ఎప్పుడు మెత్తబడాలన్నదే. ఐరిష్‌లో విశేషణం నామవాచకం తర్వాత వస్తుంది. ఆ నామవాచకం ఏకవచనంలో, మామూలు ప్రథమా విభక్తిలో ఉందనుకుందాం. పుంలింగమైతే విశేషణం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, స్త్రీలింగమైతే మెత్తబడుతుంది. 'ఫ్యార్ మోర్' పెద్ద మనిషి, మగవాడు. 'బ్యాన్ వోర్' పెద్ద మనిషి, ఆడది. బహువచనంలో చివర 'అ' చేరి మోర్ కాస్తా మోరా అవుతుంది, అక్కడ మెత్తబడటానికి వేరే లెక్క ఉంది. అది ఇంకో రోజు.

నిజానికి ఐర్లండ్‌లో ఉన్నవాళ్ళం ఈ సూత్రం తెలియకుండానే ఒక మాట నేర్చేసుకున్నాం. నేను వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒక పెద్దాయన సాయంత్రం కోటు వేసుకుని వెళ్తూ రోజూ 'ఈహ వాహ్' అనేవాడు. ఏ పాటకో 'వాహ్' అని మెచ్చుకుంటున్నాడేమో అనుకున్నాను. ఒక వారం నేను కూడా తల ఊపుతూ 'వాహ్ వాహ్' అన్నాను. శుభరాత్రి అని తర్వాత తెలిసింది. ఈహ అంటే రాత్రి. మంచి అనే మాట అసలు రూపం 'మాహ్'. రాత్రి స్త్రీలింగం కాబట్టి మాహ్ కాస్తా వాహ్ అయింది.

ఈ ఉచ్చారణ గురించి ఇంకొక్క సంగతి. మోర్ మెత్తబడినప్పుడు ఒక ప్రాంతం వాళ్ళు పై పళ్ళు కింది పెదవికి ఆనించి పలుకుతారు, ఇంకో ప్రాంతం వాళ్ళు పెదవులు గుండ్రంగా చుట్టి పలుకుతారు. కార్డు వెనక ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చినవాళ్ళు వీ రాయాలా డబ్ల్యూ రాయాలా తేల్చుకోలేక రెండూ రాసి మధ్యలో గీత పెట్టారు. మన 'వ' ఒక్కటి చాలు, రెండు ప్రాంతాలకూ సరిపోతుంది. నేను ఇక్కడ పలుకుతున్నవన్నీ కొంచెం అటూ ఇటూగా ఉంటాయి, కచ్చితంగా వినాలంటే ట్యాంగ్లన్ అనే నిఘంటువు వెబ్‌సైటు ఉంది. పూర్తిగా ఉచితం. చాలా మాటలకు అల్స్టర్, కానక్ట్, మన్‌స్టర్ మూడు ప్రాంతాల గొంతులూ అందులో వినిపిస్తాయి.

ఇక తిట్లు.

మా అమ్మాయి ఇక్కడి బడిలో రెండో తరగతి. ఐరిష్ తప్పనిసరి పాఠం. రోజూ పొద్దున టీచర్ వాతావరణం ఎలా ఉందని అడుగుతారు, పిల్లలు 'తా షే ఫ్లుఖ్' అంటారు, తడిగా ఉంది అని. లేదా 'తా షే ఫూర్', చల్లగా ఉంది అని. ఐర్లండ్ కాబట్టి ఈ రెండు మాటలతోనే ఏడాది గడిచిపోతుంది. ఈ వాక్యాల్లో విశేషణం ఎప్పుడూ మారదు. ఏ లింగమైనా, ఒకరైనా పదిమందైనా, ఫూర్ ఫూరే. రాత్రి చల్లగా ఉంది అనాలన్నా 'తా అన్ ఈహ ఫూర్'. అదే 'చల్లని రాత్రి' అనండి, రాత్రి పక్కనే అతుక్కుని నిలబడింది కాబట్టి మెత్తబడాలి. ఎఫ్ మెత్తబడితే మాయమైపోతుంది, పలకరు. 'ఈహ ఊర్'. ఎఫ్ రాసి, హెచ్ రాసి, రెండూ పలకకుండా ఊరు అని ఊరుకోవాలి.

ఇది మన తెలుగుకు సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. మనకు నామవాచకం ముందు విశేషణం రాయిలా కదలదు. పెద్ద అబ్బాయి, పెద్ద అమ్మాయి, పెద్ద పిల్లలు. అదే విషయం వాక్యం చివరికి వెళ్తే మారుతుంది. వాడు పెద్దవాడు, అది పెద్దది, వాళ్ళు పెద్దవాళ్ళు. ఐరిష్ వాళ్ళకు అతుక్కున్నప్పుడు మార్పు, విడిగా చెప్పినప్పుడు మార్పు లేదు. తెలుగు మాట్లాడే ఇంట్లో పిల్ల ఎక్కడ తడబడుతుందో నాకు ఇది అర్థమయ్యాకే తెలిసింది.

మరి ఈ పెట్టె ఏం చేస్తోంది? విశేషణాన్ని ఒంటరిగా అచ్చువేసింది. పక్కన నామవాచకం లేదు. ఏనుగు బొమ్మ, మోర్, పట్టీ. లాగాలా వద్దా? ఎవరు చెప్పాలి? పట్టీ ఉంది కాబట్టి పిల్లలు లాగుతారు. నలభై దాటిన నేనే లాగాను కదా.

మా అమ్మాయి 'మంచి' అనే కార్డు తీసింది. బొమ్మలో ఒక పాప బుద్ధిగా కూర్చుని ఉంది. అమ్మాయి కదా, స్త్రీలింగం కదా అని టక్కున పట్టీ లాగి 'కలీన్ వాహ్' అంది. తప్పు. కలీన్ అంటే అమ్మాయే, కానీ ఐరిష్ వ్యాకరణంలో ఆ మాట పుంలింగం. 'కలీన్ మాహ్' అనాలి. "నాన్నా, నేను వీళ్ళకు అబ్బాయినా?" అని అడిగింది. ఏం చెప్పను? లింగం మనిషిది కాదు, మాటది అని చెప్పబోయాను. అప్పటికే బొమ్మలు సర్దుకుని వెళ్ళిపోయింది.

అసలు కోపం ఇది కాదు. ఈ కార్డు చూడండి. 'నూవ', కొత్త అని అర్థం. మొదటి అక్షరం ఎన్. దీనికీ పట్టీ ఉంది. లాగుతున్నాను. ఎన్ పక్కన హెచ్. ఇలాంటి మాట ఐరిష్‌లో లేదు! ఎల్, ఎన్, ఆర్‌ల మీద ఈ హెచ్ రాయరు. బి, సి, డి, ఎఫ్, జి, ఎమ్, పి, ఎస్, టి, ఈ తొమ్మిదింటికే ఆ యోగం. ఇదిగో 'లాజిర్', బలమైన అని అర్థం, దీనికీ పట్టీ. 'ఓగ్', వయసులో చిన్న, అచ్చుతో మొదలయ్యే మాట, దీనికీ పట్టీ. అన్ని కార్డులనూ ఒకే అచ్చులో కోసేసి, అక్షరాలు తర్వాత ముద్రించుకున్నారు. అంటే పట్టీ ఆలోచన వచ్చిన మనిషికి భాష తెలుసు, అట్ట కోసినవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయి బడిలో 'కొత్త' అనే మాటకు హెచ్ పెట్టి రాసుకొచ్చింది, టీచర్ నవ్వి కొట్టేశారు. ఆ కొట్టివేత గీత నాకే తగిలినట్టయింది.

ఇంకొకటి, త్వరగా చెప్పేస్తాను. 'ఆకలిగొన్న' అని ఒక కార్డు ఉంది. మాట నిజమైనదే. కానీ ఆకలేస్తే ఐరిష్‌లో మామూలుగా 'తా ఒక్రస్ ఒరమ్' అంటారు, ఆకలి నా మీద ఉంది అని. మనం నేను ఆకలిగొన్నవాడిని అంటామా? నాకు ఆకలి వేస్తోంది అంటాం. ఇంగ్లీషు మాటల పట్టిక పక్కన పెట్టుకుని కార్డులు తయారుచేస్తే ఇలాగే ఉంటుంది.

రంగుల కార్డులు మాత్రం నాకు నచ్చాయి, పెట్టెలో ఉన్నదానికంటే అవి నాకు గుర్తుచేసినదాని వల్ల. 'గ్లస్' అంటే చెట్ల పచ్చ, గుర్రాల మీదికి వస్తే అదే మాట బూడిద రంగు. పచ్చ అనే ఒకే మాటతో ఆకునూ పసుపునూ చెప్పే మనం నవ్వడానికి లేదు. 'గొరమ్' అంటే నీలం. కానీ నల్లటి చర్మం ఉన్న మనిషిని సంప్రదాయంగా ఐరిష్‌లో 'ఫ్యార్ గొరమ్' అన్నారు, నీలి మనిషి అని. నల్ల మనిషి అనే మాట సైతానుకు వాడేవాళ్ళు కాబట్టి. ఇది మొదట విన్నప్పుడు మా ఇంట్లో క్యాలెండర్ మీద ఉండే కృష్ణుడు గుర్తొచ్చాడు. పాటలో నల్లనయ్య, బొమ్మలో నీలం.

నిరుడు ఒక ఆదివారం నగరం దక్షిణాన బ్లాక్‌రాక్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డాను. బోర్డు మీద రెండు భాషలు. ఐరిష్‌లో 'అన్ ఖారిగ్ ఘువ్', నల్ల రాయి. రాయి స్త్రీలింగం, అందుకని 'దువ్' అనే నలుపు 'ఘువ్' అయింది, డి పక్కన హెచ్ స్పష్టంగా ఉంది. డబ్లిన్ అన్న పేరులోనూ ఇదే నలుపు. 'దువ్', 'లిన్', నల్ల మడుగు. ఇక్కడ మాత్రం విశేషణం ముందుకొచ్చి అతుక్కుంది. ఇలా ముందు అతుక్కునేవి ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. 'ద్రొఖ్' అలాంటిదే, మన దుర్దినంలో దుర్ లాగా. రైలు వచ్చి వెళ్ళిపోయింది, నేను బోర్డు ఫోటో తీస్తూ ఉండిపోయాను. ఆ ఒక్క బోర్డు నేర్పింది ఈ పెట్టె నేర్పలేదు, కారణం ఒకటే. బోర్డు మీద రాయి కూడా ఉంది.

అందుకని నేనేం చేశానో చూపిస్తాను. ఇవి రెండు చీటీలు. నీలం సిరాతో 'లా', పగలు, పుంలింగం. ఎర్ర సిరాతో 'ఈహ', రాత్రి, స్త్రీలింగం. ఏ కార్డు వచ్చినా ముందు నీలం చీటీ పెట్టి పట్టీ ముట్టుకోకుండా చదవాలి, తర్వాత ఎర్ర చీటీ పెట్టి లాగి చదవాలి. లా ఫూర్, ఈహ ఊర్. 'ఫదా' అంటే పొడుగు: లా ఫదా, ఈహ అదా. 'క్యూన్' అంటే నిశ్శబ్దం: లా క్యూన్, ఈహ హ్యూన్. ఎల్, ఎన్, ఆర్, అచ్చుల కార్డులన్నిటికీ పట్టీ మీద గట్టి టేపు అంటించేశాను. ఒక గంట పట్టింది. ఆ గంట పని తయారుచేసినవాళ్ళు చేయాల్సింది.

అంతకుముందు ఫోనులో ఒక యాప్ వాడాను. రెండు వందల రోజులు వదలకుండా ఆడాను, మార్కులు బాగానే వచ్చాయి, హెచ్ ఎందుకు వస్తుందో ఒక్క రోజూ చెప్పలేదు. దానికంటే ఇది వంద రెట్లు నయం, చేతికి తెలుస్తుంది కాబట్టి.

కొనాలా అని అడుగుతారు. 2022 జనాభా లెక్కల్లో బడి, కాలేజీ బయట రోజూ ఐరిష్ మాట్లాడతామన్నవాళ్ళు 71,968 మంది. వీధిలో విని నేర్చుకునే అవకాశం చాలా చోట్ల తక్కువ, కాబట్టి ఇంట్లో ఏదో ఒకటి కావాలి. పిల్లలు ఇక్కడ చదువుతుంటే, మీకు టేపు అంటించే ఓపిక ఉంటే కొనండి. ఓపిక లేకపోతే తర్వాతి ముద్రణ దాకా ఆగండి. నేనైతే ఉచితంగా రాకపోయినా ఆ 'టిక్' శబ్దం కోసం కొనేవాణ్ణి, కొన్నాక ఇంకా గట్టిగా తిట్టేవాణ్ణి. వాళ్ళకు టేపు వేసిన కార్డుల ఫోటోలు పంపాను, జవాబు ఇంకా రాలేదు.

పక్క గదిలో ఏదో చప్పుడైంది, లేచినట్టుంది. ఆపేస్తున్నాను. ఈహ వాహ్.